చందా లెక్కలో సాయం పొందినవాళ్ల పేర్లు ఉండాలా?

అమలాపురం నుంచి:
మేం పద్నాలుగు మందిమి ఏడాదిగా తలా నెలకు 500 రూపాయలు వేస్తున్నాం. చీటీలా పాడుకోవడానికి కాదు. నెలాఖరు ఆదివారం కూర్చుని, ఆ ఏడు వేలు ఎవరికి అవసరమో మాట్లాడుకుని ఇచ్చేస్తాం. దీన్ని గివింగ్ సర్కిల్ అంటారట, మేం నెలచందా అంటాం. డబ్బు మా చుట్టుపక్కల ట్రాన్స్‌జెండర్, గే, లెస్బియన్ కుర్రకారు కోసం: ఇంట్లోంచి పంపేస్తే గది అద్దె, కౌన్సెలింగ్ ఫీజు, కాకినాడ పెద్దాసుపత్రికి బస్సు ఛార్జీలు. ఇప్పుడు ఒక సభ్యుడు సాయం పొందినవాళ్ల పేర్లు, ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టాలంటున్నారు. మేం రెండుగా చీలిపోయాం. మీరేమంటారు?

పాలకొల్లు నుంచి:
పెట్టాలండి. 2022 జూలైలో గోదావరి పొంగి లంకలు మునిగినప్పుడు మా వీధిలో ఇంటింటికీ తిరిగి చందా ఎత్తారు. ఈనాటికీ లెక్క చెప్పలేదు. మా అమ్మ పండక్కి దాచుకున్న రెండు వేలు అందులో వేసింది. అదే మా ఊరి తీర్థానికైతే మర్నాడే పైసలతో సహా మైకులో చదువుతారు, అందుకే మరుసటేడు అడక్కుండానే ఇస్తారు. పేరు లేని ఖర్చును ఎలా నమ్మాలి? కనీసం కలెక్టరు ఇచ్చిన ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రమైనా అడగండి.

రాజోలు నుంచి:
మీ అమ్మగారి రెండు వేలకు లెక్క రావలసిందేనండి. కానీ తీర్థంలో మైకులో చదివేది చందా ఇచ్చినవాళ్ల పేర్లు, అన్నసమారాధనలో భోంచేసినవాళ్లవి కాదు.

మీరన్న పత్రం 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం కింద ఇచ్చేది, అది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకే. గే అబ్బాయికో, లెస్బియన్ అమ్మాయికో అలాంటి కార్డేదీ లేదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ మీద తీర్పిచ్చి వాళ్లు నేరస్థులు కారంది, అంతే. పత్రం అడిగితే వాళ్లను గడపలోనే ఆపేసినట్టు. ట్రాన్స్‌జెండర్ మనిషిని ఇంట్లోంచి గెంటేయడం ఆ 2019 చట్టంలోనే నేరంగా రాసి ఉంది, ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు. అయినా రాత్రి పదింటికి బస్టాండులో కూర్చున్న పిల్లకు సెక్షన్ కంటే ముందు గది కావాలి.

ఇక ఫొటో. నాకు బాగా తెలిసిన కుర్రాడొకడు రొయ్యల చెరువు మీద పనిచేసేవాడు. ఒక్క ఫార్వర్డ్‌తో సంగతి బయటపడింది. వారంలో పని పోయింది, చెల్లెలికి కుదిరిన సంబంధం ఆగిపోయింది. ఆ పిల్ల అన్నయ్యతో ఇప్పటికీ మాట్లాడదు. ఎవరిని ఇష్టపడతామన్నది గోప్యత హక్కులో భాగమని 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన పుట్టస్వామి తీర్పులో ఉంది. మనం ఐదొందలు ఇచ్చినంత మాత్రాన ఆ హక్కు మన చేతికి రాదు.

మా దగ్గర రిజిస్టర్లో నంబరు, తేదీ, ఎంత, దేనికి అని రాస్తాం. అద్దె నేరుగా ఇంటివాళ్లకు, ఫీజు నేరుగా డాక్టరుకు. అసలు రసీదులు ఇద్దరే చూస్తారు, వాళ్లలో ఒకరు ట్రాన్స్ మహిళ. గ్రూపులో అందరికీ అంకెలు కనిపిస్తాయి.

పాలకొల్లు నుంచి:
తీర్థం మాట ఒప్పుకుంటున్నాను. పత్రం మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఆ ఇద్దరూ ఎప్పుడూ వాళ్లే అయితే మళ్లీ మొదటికే వస్తాం. ఆర్నెల్లకోసారి మార్చండి, ఏడాదికోసారి లెక్కలు తెలిసిన బయటివారికి చూపించండి. అలాగైతేనే నేను వేస్తాను.

పేరు రాయడం ఇష్టం లేని సభ్యురాలు:
ఇలాంటి చందాతోనే కాకినాడలో రెండు నెలలు గది అద్దె కట్టుకున్నాను. ఫొటో అడిగుంటే ఆ డబ్బు వద్దనేసేదాన్ని. ఇప్పుడు టైలరింగ్ చేసుకుంటూ నేనూ నెలకు 200 వేస్తున్నాను. కానీ ఎవరికివ్వాలో మాట్లాడుకునే ఆదివారం నన్ను పిలవరు, 500 వేసేవాళ్లే కూర్చుంటారు. బస్టాండులో రాత్రి గడిపిన మనిషికి ఏది ముందు కావాలో నాకు తెలుసు. వచ్చే ఆదివారం నన్నూ రానివ్వమని మావాళ్లను అడగబోతున్నాను. మీ దగ్గర రానిస్తున్నారా?