ఏడాది లెక్కలో ఆప్షన్లను షేర్లతో కలపాలా, విడదీయాలా?

చిత్రగుప్తుడు:
ఏడాది ముగిసింది, లెక్కలు తీశాను. ఖాతా మొత్తం మీద షేర్ల వల్ల 14 శాతం లాభం, వాటి మీద అమ్మిన కాల్స్ (ముందే కుదిరిన ధరకు షేరు కొనే హక్కును ఎదుటివారికి ఇచ్చే ఆప్షన్లు), విడిగా అమ్మిన పుట్స్ (అలాగే షేరును మనకు అమ్మే హక్కు ఇచ్చేవి) వల్ల మరో 3 శాతం. ఈ రెంటినీ వేరు పద్దుల్లోనే ఉంచాలంటాను. షేర్లు పెరగడంలో నా ఎంపిక ఎంతో, మార్కెట్ ఊపు ఎంతో తేల్చడం కష్టం. ప్రీమియం, అంటే ఆప్షన్ అమ్మినందుకు చేతికొచ్చే సొమ్ము, అలా కాదు; స్ట్రైకూ (ఆ కుదిరిన ధర) గడువూ నేను ఎంచుకున్నవే. కలిపేస్తే మంచి ఏడాదిలో ఆప్షన్ల నష్టం షేర్ల లాభం చాటున దాక్కుంటుంది. కాదనేవారు చెప్పండి.

గట్టుమీది మనిషి:
కాదంటాను. 100 ధర ఉన్న షేరు మీద 110 స్ట్రైక్‌తో కాల్ అమ్మి 3 తీసుకున్నారనుకుందాం. గడువు నాటికి షేరు 130. మీ షేరు 110కే చేయి దాటింది. షేర్ల పద్దులో 10 లాభం, ఆప్షన్ల పద్దులో 3 లాభం, రెండు చోట్లా సంబరమే! కాల్ అమ్మకుండా ఊరుకుంటే 30 వచ్చేది. ఆ తేడా 17 ఏ పద్దులో కనిపిస్తుంది?

చిత్రగుప్తుడు:
130 అవుతుందని ముందే తెలిసినవారు ఎవరండీ? షేరు 100 దగ్గరే ఆగిపోయి ఉంటే ఆ 3 నాకు మిగులే కదా.

గట్టుమీది మనిషి:
ముందే తెలియాలని నేను అనలేదు. జరిగినదాన్ని జరిగినట్టు రాయమంటున్నాను. గడువు నాటికి ఆ కాల్ విలువ 20. మీరు దాన్ని 3కు అమ్మారు. కాబట్టి ఆప్షన్ల పద్దులో 17 నష్టం, షేర్ల పద్దులో 30 లాభం. కూడితే అదే 13 వస్తుంది, కానీ ఇప్పుడు ఏది సంపాదించిందో, ఏది పోగొట్టిందో కళ్లకు కడుతుంది.

నిలకడ:
పుట్స్ సంగతి ఇంతకన్నా ఘోరం. 90 స్ట్రైక్ పుట్‌ను 2కు అమ్మారు, షేరు 70కి పడింది, 90 పెట్టి కొనాల్సి వచ్చింది. చాలామంది ఆప్షన్ల పద్దులో 2 లాభం రాసుకుని, 20 నష్టాన్ని షేర్ల పద్దులోకి నెట్టేస్తారు. ఆ తర్వాత "ఆప్షన్లు ఎప్పుడూ ముంచలేదు, షేర్లే దెబ్బ తీశాయి" అంటారు. ఆ షేరు మీ పద్దులోకి 70కే రావాలి. మిగిలిన నష్టం పుట్‌దే.

ఇంకో మాట. ఆప్షన్లు అమ్మేవారికి ఒక ప్రశాంతమైన ఏడాది దేన్నీ రుజువు చేయదు. 2017 అంతా విక్స్ సూచీ (అమెరికా షేర్ మార్కెట్లో రాబోయే హెచ్చుతగ్గుల అంచనాను చూపేది) చాలా అడుగున ఉంది. హెచ్చుతగ్గులు రావని పందెం కాసినవారు ఆ డిసెంబరులో లెక్క చూసుకుని మురిసే ఉంటారు. 2018 ఫిబ్రవరి 5న ఒక్కరోజులో అది సుమారు 17 నుంచి 37కు ఎగిరింది. విక్స్ పడుతుందని కాసే ఒక ప్రసిద్ధ పెట్టుబడి పత్రం విలువలో 90 శాతానికి పైగా ఆవిరై మూతపడింది. క్యాలెండరు ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టి ప్రతిభ మారిపోతుందా?

కొత్తపద్దు:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను మార్జిన్ మీద శాతం లెక్కిస్తాను. అలా చూస్తే నా ఆప్షన్ల లాభం 40 శాతం దాటింది.

నిలకడ:
మార్జిన్ బ్రోకరు అడిగిన హామీ మాత్రమే, మీరు పోగొట్టుకోగలిగే మొత్తం అది కాదు. పుట్స్ అన్నీ ఒకేసారి మీ మీద పడితే ఎంత నగదు కావాలో ఆ అంకెతో భాగించి చూడండి.

చిత్రగుప్తుడు:
కాల్స్‌ను గడువు నాటి విలువతో రాయడానికి, పుట్ నష్టాన్ని పుట్ దగ్గరే ఉంచడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ గమనించారా, మీరిద్దరూ చెప్పింది ఎలా విడదీయాలన్నదే, కలపమని ఎవరూ అనలేదు. ఇక మిగిలింది బ్రోకరేజీ ఖర్చులు. అవి ఏ పద్దులోకి?

గట్టుమీది మనిషి:
ఏ లావాదేవీ ఖర్చు దానిదే. మీరు గడువు పొడిగించుకుంటూ పోయిన ప్రతి కాల్‌కూ, పాతది తిరిగి కొని కొత్తది అమ్మినందుకు, రెండేసి రుసుములు పడ్డాయి. ఆ 3 శాతంలోంచి అవి తీసేశాక ఎంత మిగిలిందో ఇక్కడ రాయండి, వాదన అప్పుడు కొనసాగిద్దాం.