గంటకోసారి కాష్ ఖాళీ చేసే క్రాన్ జాబ్: ఉంచాలా, తీసేయాలా?

మాదాపూర్_నైట్‌షిఫ్ట్:
అందరికీ నమస్తే. అమీర్‌పేటలో లినక్స్ కోర్సు చేసి, ఐదు నెలల క్రితం సపోర్ట్ టీమ్‌లో చేరాను. మా దగ్గర 16 జీబీ ర్యామ్ ఉన్న అప్లికేషన్ సర్వర్ ఒకటి ఉంది. మూడు వారాల క్రితం రాత్రి రెండింటికి "మెమరీ వాడకం 98 శాతం" అని అలర్ట్ వచ్చింది. లాగిన్ అయి, మెమరీ లెక్క చూపించే ఫ్రీ మైనస్ హెచ్ కమాండ్ కొడితే ఇలా ఉంది:

టోటల్ 15 జీబీ, యూజ్డ్ 5.3, ఫ్రీ 0.3, బఫ్/కాష్ 9.9, అవైలబుల్ 9.6

మా సీనియర్ "కాష్ ఖాళీ చేయించే డ్రాప్ కాషెస్ ఫైల్‌లో 3 రాసే లైన్, టైమ్ ప్రకారం కమాండ్లు నడిపే క్రాన్‌లో పెట్టు, గంటకోసారి నడుస్తుంది" అన్నారు. పెట్టాను. ఫ్రీ 9 జీబీ దాటింది, అలర్టులు ఆగిపోయాయి. కానీ గంట కొట్టగానే కాసేపు రిపోర్టులు తెరుచుకోవడం లేదని యూజర్లు టికెట్లు పెడుతున్నారు. ఆయన్ని మళ్లీ అడగాలంటే మొహమాటంగా ఉంది. ఇది సరైన పద్ధతేనా?

పాత_సిస్‌అడ్మిన్:
ఉంచుకో తమ్ముడూ. పదమూడేళ్లుగా సర్వర్లు చూస్తున్నాను, నేనూ చాలాచోట్ల ఇదే పెట్టాను. డిస్క్‌కి ఇంకా రాయని పేజీల జోలికి అది పోదు, కాబట్టి డేటా పోతుందన్న భయం అక్కర్లేదు. అర్ధరాత్రి ఫోన్ మోగితే లేచేది నువ్వు. కాష్ థియరీ చెప్పేవాళ్లెవరూ ఆ కాల్ ఎత్తరు. ఒకసారి మా బ్యాకప్ సర్వర్ పూర్తిగా బిగుసుకుపోతే, ఈ ఒక్క కమాండ్‌తోనే తేరుకుంది.

కూకట్‌పల్లి_డీబీఏ:
అన్న అనుభవం మీద గౌరవం ఉంది కానీ ఈ సలహా నేను ఒప్పుకోను. తమ్ముడూ, నువ్వు పెట్టిన వరుసలోనే జవాబుంది. ఫ్రీ అంటే ఎవరూ వాడకుండా ఊరికే పడున్న మెమరీ. అది తక్కువగా ఉండటం లినక్స్‌లో మామూలే. డిస్క్ నుంచి ఒకసారి చదివిన ఫైల్‌ని మళ్లీ అడుగుతారేమోనని కెర్నల్ ర్యామ్‌లోనే పెట్టుకుంటుంది, అదే కాష్. ఏ ప్రోగ్రామ్‌కైనా మెమరీ కావాల్సివస్తే అందులోంచి తీసి ఇచ్చేస్తుంది. స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ భాగానికి) పోకుండా అలా ఎంత ఇవ్వగలదో అంచనా వేసి చెప్పేదే అవైలబుల్. నీకు 9.6 జీబీ ఉంది, అంటే సగానికి పైగా ర్యామ్ అందుబాటులో ఉంది. ఆ అలర్టే తప్పు.

ఇరానీ హోటల్లో పొద్దున్నుంచి మరుగుతున్న డికాషన్‌ని గిన్నె నిండుగా కనిపిస్తోందని గంటకోసారి పారబోస్తే ఎలా ఉంటుంది? తర్వాత వచ్చినవాడికి చాయ్ ఆలస్యమవుతుంది. మీ యూజర్లు పెట్టే టికెట్లు అవే. కాష్ ఖాళీ కాగానే ప్రతి రిపోర్టూ మళ్లీ డిస్క్ మీదికి వెళ్తోంది. క్రాన్ నడిచే నిమిషంలో సెకనుకోసారి లెక్క చూపే వీఎంస్టాట్ 1 పెట్టి చూడు. డిస్క్ నుంచి చదివేది చూపే బీఐ కాలమ్ ఒక్కసారిగా లేస్తుంది, డిస్క్ కోసం సీపీయూ ఆగే టైమ్ చెప్పే డబ్ల్యూఏ కూడా పెరుగుతుంది. మొదటి వరుసని మాత్రం పట్టించుకోకు, అది మెషిన్ బూట్ అయినప్పటినుంచి సగటు. రెండో వరుస నుంచే ఇప్పటి లెక్క.

అదే స్క్రీన్‌లో ఎస్ఐ, ఎస్ఓ అని రెండు కాలమ్స్ ఉంటాయి. స్వాప్ నుంచి లోపలికి ఎంత వస్తోంది, బయటికి ఎంత పోతోంది అని. మెమరీ నిజంగా చాలకపోతే ఆ రెండూ ఆగకుండా కదులుతూ ఉంటాయి. స్వాప్‌లో కొంత వాడి ఉండటం వేరు, అటూ ఇటూ నిరంతరం తిరగడం వేరు. మొదటిదానికి టెన్షన్ పడకు, రెండోది కనిపిస్తే మాత్రం నిద్రపోకు.

పాత_సిస్‌అడ్మిన్:
నా బ్యాకప్ సర్వర్ సంగతి మరి? అది థియరీ కాదు, కళ్లారా చూశాను. కోట్లకొద్దీ చిన్న ఫైళ్లు ఉండేవి. స్లాబ్‌టాప్ తెరిచి కెర్నల్ సొంత మెమరీ చూస్తే డెంట్రీ, అంటే ఫైల్ పేర్ల కాష్, ఒక్కటే గిగాబైట్లకు గిగాబైట్లు తినేసింది. డ్రాప్ కాషెస్‌లో 2 రాసి వదిలేస్తే మెషిన్ మళ్లీ మాట విన్నది.

కూకట్‌పల్లి_డీబీఏ:
అన్నా, ఆ కేసులో మీరు చేసింది సరైనదే. ముందు స్లాబ్‌టాప్ చూశారు, కారణం పట్టుకున్నారు, చేత్తో ఒక్కసారి కొట్టారు. నా అభ్యంతరం చూడకుండా గంటకోసారి కొట్టడం మీద. కాష్ పెరగకుండా అదుపు చేయడానికి ఈ ఫైల్ లేదని కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. బ్యాకప్ సర్వర్‌కి ఆ సమస్య మళ్లీ మళ్లీ వస్తుంటే వీఎఫ్ఎస్ కాష్ ప్రెషర్ అనే కెర్నల్ సెట్టింగ్ ఉంది. డిఫాల్ట్ 100, దాన్ని పెంచితే డెంట్రీలని కెర్నల్ తొందరగా వదులుతుంది.

డేటాబేస్ వాళ్లకి ఇంకో మాట. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తన కోసం ర్యామ్‌లో పెట్టుకునే షేర్డ్ బఫర్స్ కూడా ఫ్రీ కమాండ్‌లో బఫ్/కాష్ కిందికే వస్తాయి. వాటిని ఏ డ్రాప్ కాషెస్సూ ఖాళీ చేయలేదు. అందుకే ఫ్రీ, కాష్ కూడి "ఇంత మిగిలింది" అనుకోవడం కూడా తప్పే. అవైలబుల్ కాలమ్‌నే నమ్మండి. కెర్నల్‌లో 3.14 నుంచి, అంటే 2014 నుంచి ఆ లెక్క ఉంది. ఇంకా టోటల్‌లోంచి ఫ్రీ తీసేసి శాతం కట్టే పాత స్క్రిప్టుల వల్ల ఎంతమంది పిల్లలు నిద్ర పోగొట్టుకుంటున్నారో తలుచుకుంటే బాధేస్తుంది.

ఉప్పల్_మానిటరింగ్:
మీరిద్దరూ బ్లాక్ స్క్రీన్ దగ్గరే ఆగిపోయారు. మా దగ్గర మూడొందల సర్వర్లు. ఎవరు కూర్చుని వీఎంస్టాట్ చూస్తారు? డాష్‌బోర్డ్‌లో అలర్ట్ రూల్‌ని అవైలబుల్ మీదికి మారిస్తే సరిపోతుంది. కొత్తవాళ్లకి ఈ కమాండ్లన్నీ నేర్పడం టైమ్ వేస్ట్.

కూకట్‌పల్లి_డీబీఏ:
రూల్ మార్చాలన్నదానితో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ ఏ రూల్ పెట్టాలో తెలియాలంటే ఆ కాలమ్ ఏమిటో తెలియాలి కదా. ఈ థ్రెడ్‌లో తప్పు చెప్పింది మానిటరింగ్ అలర్టే, నిజం చెప్పింది ఫ్రీ కమాండ్. పాత లెక్కల కోసం రాత్రంతా కూర్చోనక్కర్లేదు కూడా. సిస్‌స్టాట్ ప్యాకేజీ వేసి కలెక్షన్ ఆన్ చేస్తే మామూలుగా పది నిమిషాలకోసారి రాసి పెట్టుకుంటుంది. పొద్దున వచ్చి సార్ మైనస్ ఆర్ అనే కమాండ్ కొడితే రాత్రి మెమరీ ఎలా నడిచిందో కనిపిస్తుంది, సార్ మైనస్ డబ్ల్యూ కొడితే స్వాప్ సంగతి. కెర్నల్ 4.20 నుంచి ప్రాక్ కింద ప్రెషర్ ఫోల్డర్‌లో మెమరీ అనే ఫైల్ ఉంటుంది. ప్రాసెస్‌లు మెమరీ కోసం ఎంతసేపు ఆగాల్సి వచ్చిందో అది శాతాల్లో చెబుతుంది. కొన్ని డిస్ట్రోల్లో బూట్ ఆప్షన్ ఇచ్చి ఆన్ చేసుకోవాలి.

తమ్ముడూ, ఇంకో పని చెయ్యి. క్రాన్ రెండు రోజులు ఆపి, టాప్‌లో షిఫ్ట్ ఎం కొట్టి, ఒక్కో ప్రాసెస్ వాడే ర్యామ్ చెప్పే ఆర్‌ఈఎస్ కాలమ్ రాసుకో. మెమరీ చాలక కెర్నల్ ఏదైనా ప్రాసెస్‌ని చంపిందేమో, కెర్నల్ లాగ్ చూపే డీమెసేజ్ మైనస్ టీలో "కిల్డ్ ప్రాసెస్" అని వెతుకు.

మాదాపూర్_నైట్‌షిఫ్ట్:
అన్నా, రెండు రోజులు కాదు, రెండు రాత్రులు చూశాను. ముందు టీమ్ లీడ్‌కి చెప్పి క్రాన్ ఆపాను. గంటకోసారి వచ్చే టికెట్లు ఆగిపోయాయి, ఒక్కటి కూడా రాలేదు. ఎస్ఐ, ఎస్ఓ రెండూ సున్నా.

కానీ ఇంకొకటి బయటపడింది. జావా ప్రాసెస్ ఒకటి మొదటి రాత్రి 4.2 జీబీ ఉంది, ఈ పొద్దున 6.3. తగ్గడమే లేదు. డీమెసేజ్‌లో ఈ మూడు వారాల్లో రెండుసార్లు "అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్" అని అదే జావా పేరు మీద లైన్ ఉంది. ఆ సర్వీస్ అప్పుడప్పుడు దానంతటదే రీస్టార్ట్ అవుతుందని మేమంతా అనుకునేవాళ్లం. క్రాన్ గంటకోసారి ఫ్రీని పైకి లేపుతుంటే అలర్ట్ మోగలేదు, ఆ మాటున జావా పెరుగుతూ పోయింది. చూడగానే చేతులు చల్లబడ్డాయి. జావాకి మెమరీ హద్దు పెట్టే ఎక్స్ఎంఎక్స్ మాత్రం 4 జీబీయే పెట్టి ఉంది, మరి 6.3 ఎలా?

కూకట్‌పల్లి_డీబీఏ:
ఎక్స్ఎంఎక్స్ హీప్‌కి, అంటే జావా ఆబ్జెక్టులు ఉండే చోటికి మాత్రమే హద్దు. థ్రెడ్ల స్టాక్‌లు, క్లాసుల వివరాలుండే మెటాస్పేస్, డైరెక్ట్ బఫర్లు దాని బయట ఉంటాయి. జావా మెమరీని భాగాలవారీగా లెక్కేసే నేటివ్ మెమరీ ట్రాకింగ్ ఆన్ చేసి సర్వీస్ రీస్టార్ట్ చేయించు. మొదట ఒక బేస్‌లైన్, ఆరు గంటల తర్వాత జేకమాండ్‌తో ఒక డిఫ్, అంటే మొదటిదానికీ ఇప్పటికీ తేడా, తియ్యి. ఏ భాగం పెరుగుతోందో ఇక్కడ పెట్టు, కలిసి చూద్దాం.

పాత_సిస్‌అడ్మిన్:
జావా లీక్ మాట ఒప్పుకుంటున్నాను, నేను ఆ కోణంలో ఆలోచించలేదు. నా సర్వర్లలోనూ ఈ రాత్రే డీమెసేజ్ చూస్తాను. అయినా తమ్ముడూ, అలర్ట్ రూల్ మార్చేదాకా ఆ రాత్రి రెండింటి కాల్ నీకు వస్తూనే ఉంటుంది. ముందు ఆ టికెట్ పెట్టు, మీ సీనియర్‌కి ఈ రెండు రాత్రుల లెక్కలు చూపించు. మొహమాటపడకు. ఆయన స్థానంలో నేనుంటే చూపించమనే అంటాను.