న్యూస్ కెమెరా నుంచి సొంత డాక్యుమెంటరీకి: ఆరు లక్షలు ఎక్కడ పెట్టాలి? మిగతా డబ్బు ఎలా వస్తుంది?

చెరువుకట్ట:
నమస్కారం అందరికీ. న్యూస్ చానెల్లో కెమెరామన్‌ని. వరంగల్ చుట్టుపక్కల కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల మీద, తూము దగ్గర నీళ్లు పంచే నీరటికాళ్ల మీద గంటా ఇరవై నిమిషాల సినిమా తీద్దామనుకుంటున్నాను. పాఖాల, రామప్ప, వాటి దిగువ చిన్న చెరువులు. ఈ వానాకాలం నుంచి వచ్చే వానాకాలం దాకా సుమారు 40 రోజుల షూటింగ్. చేతిలో ఆరు లక్షలు, ఒక మిర్రర్‌లెస్ కెమెరా, రెండు లెన్సులు ఉన్నాయి. ఇంతకంటే మంచి కెమెరా కొనాలా? విదేశీ ఫండ్లకు ఎలా అప్లై చేయాలి? పూర్తయ్యాక యూట్యూబ్‌లో పెడితే సరిపోతుందా? ఉద్యోగం మానేయాలా వద్దా అన్నది వీటి జవాబులను బట్టే తేల్చుకోవాలి.

రష్‌పెట్టె:
కెమెరా కొనకండి. ఉన్నది చాలు. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద 30 ఫ్రేములు, 1/60 పెడితే చారలు కొడతాయి. చవక ఎల్‌ఈడీ బల్బులైతే 1/50లో కూడా ఒక్కోసారి మిణుకుతాయి, షాట్‌కు ముందు తెర మీద చూసుకోండి.

డబ్బు ముందు సౌండుకు, తర్వాత హార్డ్ డిస్కులకు. బొమ్మ కాస్త అటూఇటూ అయినా జనం చూస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు. ఒక బూమ్ మైకు (కర్రకు తగిలించి పట్టుకునేది), ఒక వైర్‌లెస్ లేపెల్ (ఒంటికి తగిలించే చిన్న మైకు), రెండూ వేర్వేరు ట్రాకుల్లో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. మాట్లాడేటప్పుడు పీకులు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండాలి, ఆటో గెయిన్ (సౌండును తనంతట తాను పెంచి తగ్గించేది) ఆపేయాలి. లేకపోతే మనిషి మాట ఆపగానే పక్క పొలంలో మోటారు రొద పైకి లేస్తుంది, ఎడిట్‌లో దాన్ని దించలేరు. కట్ట మీద గాలి ఎక్కువ, బూమ్‌కు బొచ్చు కవర్ లేకుండా వెళ్లొద్దు. లేపెల్‌ను తువ్వాలు కింద పెడితే బరబరమంటుంది, మెడికల్ టేపుతో చర్మానికి అంటించి కేబుల్‌ను ఒక చుట్టు వదులుగా వదలండి. ప్రతి లొకేషన్లో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఉత్త సౌండు పట్టుకోండి. పొద్దున కట్ట చప్పుడు వేరు, సాయంత్రం కప్పల చప్పుడు వేరు.

ఇక డేటా లెక్క. సెకనుకు 100 మెగాబిట్లు అంటే గంటకు 45 జీబీ. రోజుకు రెండున్నర గంటల చొప్పున 40 రోజులకు 100 గంటలు, 4.5 టీబీ. మూడు కాపీలంటే 13.5 టీబీ, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. అదే 400 మెగాబిట్ల ఆల్-ఐలో (ప్రతి ఫ్రేమునూ విడిగా దాచే ఫార్మాట్) తీస్తే మూడు కాపీలకు 54 టీబీ అవుతుంది. ఈ సినిమాకు అంత అవసరమే లేదు. కార్డు నుంచి లాగి వదిలేయడం కాదు, చెక్‌సమ్ పోల్చి (కాపీ అసలుతో అచ్చంగా సరిపోయిందో చూసి) కాపీ చేసే సాఫ్ట్‌వేర్ వాడండి. రెండు కాపీలు సరిచూసుకునేదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దు.

ఇంకోటి, న్యూస్ అలవాటు. బైట్ రాగానే రికార్డు ఆపేస్తారు. మనిషి అసలు మాట ఆ తర్వాతే మాట్లాడతాడు. కనీసం ఇరవై సెకన్లు అలాగే నడవనివ్వండి.

బడ్జెట్‌షీటు:
పైన చెప్పింది నిజమే, కానీ ఆరు లక్షలూ షూటింగ్‌కే పెట్టేస్తే సినిమా ఎడిట్ టేబుల్ మీదే చచ్చిపోతుంది. 100 గంటల రష్ (తీసిన ఫుటేజీ) చూసి, మాటలు రాసి, లాగ్ చేయడానికి గంటకు నాలుగు గంటలు వేసుకున్నా 400 గంటలు. తర్వాత ఎడిటర్, సౌండ్ మిక్స్, కలర్, సబ్‌టైటిళ్లు, డీసీపీ (థియేటర్లో వేసే డిజిటల్ కాపీ). అందుకే మొదట పది రోజులు తీసి ఆపండి. అందులోంచి ఐదు నిమిషాల శాంపిల్ కట్ చేయండి. ట్రైలర్‌లా ఉరుకులు పెట్టొద్దు, కనీసం ఒక సీను మొదలై పూర్తవ్వాలి. మీరు మనుషుల దగ్గర ఎంతసేపు నిలబడగలరో ఫండు ఇచ్చేవాళ్లు చూసేది అక్కడే.

దానితో పాటు నాలుగైదు పేజీల ట్రీట్‌మెంట్ (సినిమా ఎలా నడుస్తుందో చెప్పే రాత), ఒక పేజీ డైరెక్టర్ నోట్, బడ్జెట్, డబ్బు ఎక్కడెక్కడి నుంచో చూపే ఫైనాన్స్ ప్లాన్. మనవాళ్లు బడ్జెట్‌లో తరచూ వదిలేసేవి: సొంత ఫీజు, సబ్‌టైటిళ్లు, ఆర్కైవ్ హక్కులు, ఫెస్టివల్ ఎంట్రీ ఫీజులు, పది శాతం అదనపు ఖర్చులు. డైరెక్టర్ ఫీజు సున్నా అని రాస్తే త్యాగం అనుకోరు, లెక్క రాదనుకుంటారు. మీరు పెట్టే ఆరు లక్షలు, మీ కెమెరా అద్దె విలువ కూడా ప్లాన్‌లో వచ్చిన డబ్బుగానే చూపించాలి.

ఎక్కడ అడగాలంటే: గోవాలో నవంబరులో ఇఫీ (భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం) పక్కనే ఎన్‌ఎఫ్‌డీసీ (జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ) ఫిల్మ్ బజార్ (2025లో వేవ్స్ ఫిల్మ్ బజార్ అని పేరు మార్చారు), కోల్‌కతాలో డాక్యుమెంటరీ ప్రాజెక్టుల వేదిక డాక్ఎడ్జ్, బయట ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఇడ్ఫా డాక్యుమెంటరీ ఫెస్టివల్ వాళ్ల బెర్తా ఫండ్, అమెరికాలో సన్‌డాన్స్ డాక్యుమెంటరీ ఫండ్, దక్షిణ కొరియాలో బుసాన్ ఫెస్టివల్ వాళ్ల ఫండ్. కేంద్ర ప్రభుత్వ డాక్యుమెంటరీ సంస్థ ఫిల్మ్స్ డివిజన్‌కు రాస్తే సరిపోతుందని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. అది 2022లోనే ఎన్‌ఎఫ్‌డీసీలో కలిసిపోయింది.

ఉద్యోగం సంగతి: ఈ సినిమా మీద బతుకుతాననుకుని మానేయకండి. సంస్థలకు తీసే చిన్న ఫిల్ములు, కెమెరా రోజుకూలీ, ఎడిటింగ్, వీటితోనే ఎక్కువమందికి ఇల్లు గడుస్తుంది. అలాంటి పనులకు 40-30-30 వాయిదాలు రాయించుకోండి. చివరి 30 శాతం చేతికొచ్చాకే మాస్టర్ ఫైల్ ఇవ్వండి. పన్నుకు 44ఏడీఏ అని అందరూ పిలిచే పద్ధతి ఉంది. సినిమా దర్శకులు, కెమెరామన్లు, ఎడిటర్లు ఆ జాబితాలో ఉన్నారు, వచ్చిన దాంట్లో సగం ఆదాయంగా చూపితే చాలు.

చెరువుకట్ట:
చాలా థాంక్స్ అండీ. ఒక డౌటు. విదేశీ ఫండు వస్తే నేరుగా నా సేవింగ్స్ ఖాతాలో వేయించుకోవచ్చా?

బడ్జెట్‌షీటు:
వద్దు. కాగితంలో 'గ్రాంటు' అనో 'డొనేషన్' అనో ఉంటే అది ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద విదేశీ విరాళంగా లెక్కకు రావచ్చు. రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి, ఉన్నా డబ్బు న్యూఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ప్రత్యేక ఖాతాలోనే పడాలి. పైగా ఆడియో-విజువల్ వార్తలు, కరెంట్ అఫైర్స్ తీసే కంపెనీలు విదేశీ విరాళం తీసుకోవడమే నిషేధం. వ్యాపారంలో భాగంగా చేసిన పనికి ప్రతిఫలంగా వచ్చే డబ్బు ఈ నిర్వచనంలోకి రాదు. అందుకే కో-ప్రొడక్షన్ ఒప్పందమో ప్రసార హక్కుల ఒప్పందమో చేసుకుంటారు. పేరు మార్చినంత మాత్రాన కాదు, నిజంగానే హక్కు ఇస్తున్నట్టు ఒప్పందంలో కనపడాలి. సంతకానికి ముందే, ఎఫ్‌సీఆర్‌ఏ తెలిసిన సీఏకి చూపించండి. డబ్బు పడ్డాక చూపిస్తే ఆయనా చేసేదేం ఉండదు.

సబ్‌టైటిల్ సుబ్బు:
యూట్యూబ్ తొందర వద్దు. పెద్ద ఫెస్టివళ్లు చాలావరకు ప్రీమియర్ (అంతకుముందు ఎక్కడా చూపించని తొలి ప్రదర్శన) అడుగుతాయి, ఒక్కరోజు పబ్లిక్‌గా పెట్టి తీసేసినా అది పోయినట్టే. పాస్‌వర్డ్ ఉన్న లింకు మాత్రమే పంపండి. పెద్దది అనుకున్నదానికి ముందు అప్లై చేసి, జవాబొచ్చేదాకా చిన్నవాటికి 'సరే' అనొద్దు. ఇడ్ఫా నవంబరులో, జపాన్‌లో యమగాటా డాక్యుమెంటరీ ఫెస్టివల్ రెండేళ్లకోసారి బేసి సంవత్సరాల్లో, ముంబై ఫెస్టివల్ మిఫ్ కూడా రెండేళ్లకోసారే. వీటిని చూసుకుని ఎడిట్ ముగించే తేదీ పెట్టుకోండి.

సెన్సార్ విషయం: ఫెస్టివల్‌లో వేయడానికి మినహాయింపు ఉంటుంది, దాన్ని ఫెస్టివల్ వాళ్లే తెచ్చుకుంటారు. థియేటర్లో వేయాలన్నా జాతీయ అవార్డులకు పంపాలన్నా సర్టిఫికెట్ కావాలి. సినిమాలో ఎద్దులు, గేదెలు ఉంటాయి కాబట్టి జంతు సంక్షేమ బోర్డు కాగితం అడగొచ్చు, ఎక్కడ ఎలా తీశారో తేదీలతో రాసి పెట్టుకోండి.

డీసీపీ మీరే డీసీపీ-ఓ-మ్యాటిక్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఉచితంగా చేసుకోవచ్చు. 25 ఫ్రేములకు ఎస్‌ఎంపీటీఈ రకమే ఎంచుకోవాలి, పాత ఇంటరాప్‌లో అది కుదరదు. పంపేముందు ఏదైనా థియేటర్లో ఒకసారి వేసి చూడండి. సబ్‌టైటిల్ వరుసకు 42 అక్షరాలు దాటనివ్వకండి, రెండే వరుసలు. 'మత్తడి', 'తూము', 'ఆయకట్టు' లాంటి మాటలకు మొదట్లోనే ఒక ఇంగ్లిష్ మాట ఖాయం చేసుకుని చివరిదాకా అదే వాడండి.

రష్‌పెట్టె:
అనుమతుల సంగతి ఎవరూ చెప్పలేదు. పాఖాల అభయారణ్యం లోపల ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 28 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి, గేటు దగ్గర టికెట్టు తీసుకుంటే చాలదు. రామప్ప గుడి ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) కింద ఉంది, దానికి వేరే దరఖాస్తు. డ్రోన్ ఎగరేయాలంటే ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడండి. అక్కడ ఆకుపచ్చ ఉన్నా అడవి అనుమతి అడవి అనుమతే.

రిలీజ్ ఫారం (సినిమాలో కనపడేవాళ్లు ఒప్పుకున్నట్టు ఇచ్చే కాగితం) తెలుగులోనే రాయండి, సంతకం షూటింగ్ రోజే. చదవడం రాని పెద్దవాళ్లుంటే ఫారం పైకి చదివి, వాళ్లు ఒప్పుకోవడం కెమెరాలో రికార్డు చేయండి, సాక్షిగా ఊరివాళ్లు ఒకరు. 'అన్ని మాధ్యమాలు, అన్ని దేశాలు' అన్న ముక్క లేకపోతే ఏ చానెలూ కొనదు. ట్రాక్టర్లో సినిమా పాట మోగుతుంటే ఆపించి తీయండి. పాట మాటల కింద కలిసిపోతే తర్వాత విడదీయలేరు. దాని హక్కులకు రికార్డు కంపెనీకి, రాసినవాళ్లకు, సంగీతానికి వేర్వేరుగా కట్టాల్సి రావచ్చు.