రిటైరయ్యాక విజయనగరమా, శ్రీకాకుళమా? చేతిలో 30 లక్షలు

వచ్చే_మార్చి:
నమస్కారమండి. మార్చిలో మావారి రిటైర్మెంటు. ఇద్దరమే, వయసు 60, 57. అంతా కలిపి 30 లక్షలు, నెలకి పెన్షన్ 34 వేలు. ఆయనకి మూడు నెలలకోసారి విశాఖలో గుండె డాక్టరుకి చూపించాలి. విజయనగరంలో పాత ఫ్లాటా, శ్రీకాకుళంలో చిన్న ఇండిపెండెంటు ఇల్లా, సోంపేట దగ్గర చౌకగా వస్తున్న పెంకుటిల్లా? దేనికి ఏం చూసుకోవాలో చెప్పండి.

నాగావళి_గట్టు:
అమ్మా, ధర కంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళే దారి చూడండి. విజయనగరం స్టేషన్ ఊళ్ళోనే ఉంది. హౌరా–చెన్నై లైనులో రాయపూర్ లైను కలిసే జంక్షను, విశాఖకి 60 కిలోమీటర్లు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, పట్నానికి పది కిలోమీటర్ల పైనే. తెల్లవారుజాము బండికి ఆటో, రాత్రి దిగితే మళ్ళీ ఆటో. 60 ఏళ్ళకి ఇది లెక్కలోకి రాదు గానీ 72కి వస్తుంది. అత్యవసరానికి శ్రీకాకుళంలో రిమ్స్ ఉంది, కాదనను. మీ డాక్టరు విశాఖలో కాబట్టి విజయనగరమే మేలంటాను.

30 ఉంది కదా అని 30 లక్షల ఇల్లు చూడకండి. స్టాంపు 5, ట్రాన్స్‌ఫర్ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, వెరసి నూటికి ఏడున్నర. 25 లక్షల ఇంటికి 1,87,500. ప్రభుత్వ విలువ అంతకంటే ఎక్కువుంటే దాని మీదే కట్టించుకుంటారు. రంగులకీ, వైరింగుకీ, బాత్రూంలో పట్టుకునే కడ్డీలకీ ఇంకో లక్ష పక్కన పెట్టండి. మిగిలింది ఆస్పత్రికి.

సెంట్రింగు_మేస్త్రి:
పాత ఫ్లాటుకి వెళ్తే హాలు కాదు, బాత్రూం సీలింగూ సన్‌షేడ్ అడుగూ చూడండి. స్లాబులో ఇనప ఊచ ఉన్న వరసలోనే గోధుమరంగు చార తిన్నగా కనిపిస్తే, లోపల ఊచ తుప్పుపట్టి ఉబ్బుతోందన్నమాట. కర్రతో తట్టండి. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది, పెచ్చు వదిలినచోట బోలుగా మోగుతుంది. అమ్మేముందు పైన రంగేస్తారు కాబట్టి కంటిని నమ్మకండి, కర్రనే నమ్మండి. ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో ఈ తుప్పు మరీ తొందరగా వస్తుంది.

లిఫ్టు లేని రెండో అంతస్తు ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. అలాగని పల్లంలో గ్రౌండ్‌ఫ్లోరూ వద్దు, వానకి నీళ్ళు లోపలికొస్తాయి. ప్లగ్గులన్నీ నడుమెత్తుకి జరిపి ఉంటే ఎందుకు జరిపారో పక్కింటివాళ్ళని అడగండి.

లింకు_డాక్యుమెంటు:
కాగితాల సంగతి. 30 ఏళ్ళ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలూ తాకట్లూ చూపే సర్టిఫికెట్టు) తీయించండి, కానీ ఈసీ ఒక్కటే చాలదు. రిజిస్టరు కాని అగ్రిమెంట్లూ, అన్నదమ్ముల వాటా గొడవలూ అందులో కనపడవు. లింకు డాక్యుమెంట్లు, అంటే ఇల్లు ఇంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజులు, ఒరిజినల్స్ చూపించమనండి. జెరాక్సులే చూపిస్తూ కాలం గడిపితే అసలువి ఎక్కడైనా తాకట్టులో ఉన్నాయేమో ఆరా తీయాలి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) ఉందేమో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో కనుక్కోండి. డి-పట్టా భూమి (ప్రభుత్వం పేదలకి ఇచ్చినది) అని తేలితే ప్లీడరుకి చూపించకుండా రూపాయి అడ్వాన్సు ఇవ్వకండి. రిజిస్ట్రేషన్ ఇద్దరి పేరు మీదా చేయించుకోండి. ఇంటిపన్నూ కరెంటు మీటరూ కూడా వెంటనే మార్పించుకోండి. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు.

వచ్చే_మార్చి:
చాలా థ్యాంక్సండి. మరి సోంపేట మాటేమిటి?

నాగావళి_గట్టు:
అది ఉద్దానం అమ్మా, శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతం. చల్లటి కొబ్బరితోటలు, మంచి మనుషులు. కానీ అక్కడ కిడ్నీ జబ్బు ఎక్కువ, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. వెళ్ళాలనే ఉంటే బోరు నీళ్ళ ఇల్లు వద్దు. హిరమండలం రిజర్వాయరు నుంచి వచ్చే కుళాయి నీళ్ళు ఆ వీధికి అందుతున్నాయో లేదో, రోజుకి ఎంతసేపు వస్తున్నాయో స్వయంగా చూడండి. పలాసలో కిడ్నీ ఆస్పత్రి ఉంది గానీ ఆయన గుండె డాక్టరు విశాఖలోనే కదా. తుఫాను మాట సరేసరి. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు అక్కడి చాలా ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. పెంకులూ నిలవవు.

ఏ ఊరైనా ముందు 11 నెలలకి అద్దెకి దిగండి. ఏప్రిల్‌లో దిగితే మే నెల నీటి ఎద్దడీ, అక్టోబరు–నవంబరు వానలూ రెండూ ఆ గడువులోనే కళ్ళారా చూస్తారు. అగ్రిమెంటులో అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో, నీళ్ళ మోటారు పాడైతే ఎవరు బాగు చేయించాలో రాయించుకోండి.