అమెరికా కాలేజీ ఆటల్లో పైసలు: ఆ 20.5 మిలియన్ డాలర్లల్ల 400 మీటర్ల పిలగానికి ఎంత?

హన్మకొండ_400:
మా అక్క కొడుకు ఇంటర్ సెకండియర్, జేఎన్ స్టేడియంల 400 మీటర్లు ఉరుకుతడు. అమెరికాల ఒక యూనివర్సిటీ కోచ్ మెయిల్ పెట్టిండు: రోస్టర్ స్పాట్ ఉంది, స్కాలర్‌షిప్ కొంత చూద్దాం అని. ఇక్కడ ఒక ఏజెంటేమో "ఇప్పుడు కాలేజీలే ఆటగాళ్లకు పైసలు పంచుతున్నయి, పిలగాడే సంపాదించుకుంటడు" అంటున్నడు. అసలు అక్కడ కాలేజీ ఆటలు ఎట్ల నడుస్తయి? ఆ పైసలు ఎవరికి పోతయి?

నాలుగో_లేన్:
ఏజెంట్ మాట సగమే నిజం. 2025 జూన్ 6న హౌస్ కేసు (కాలేజీ ఆటలు నడిపే సంఘం ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసింది) సెటిల్‌మెంట్‌కు, అంటే రాజీ ఒప్పందానికి, కోర్టు ఆమోదం దొరికింది. జులై 1 నుంచి అందులో చేరిన కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. 2025-26కి ఒక్కో కాలేజీకి పరిమితి 20.5 మిలియన్ డాలర్లు, మన లెక్కన 170 కోట్ల పైమాటే. అది గరిష్ఠ పరిమితి మాత్రమే, అంతా పంచి తీరాలని లేదు. పెద్ద కాలేజీల్లో ఎక్కువగా వినిపించే లెక్క: అమెరికన్ ఫుట్‌బాల్‌కు 75 శాతం, అబ్బాయిల బాస్కెట్‌బాల్‌కు 15, అమ్మాయిల బాస్కెట్‌బాల్‌కు 5, మిగతా ఆటలన్నిటికీ కలిపి 5. ఆ చివరి ఐదులో ట్రాక్ (పరుగు పందేలు, దూకుళ్ల లాంటివి) వాళ్ల దాకా వచ్చేది చిల్లర.

వచ్చే డబ్బు కూడా ఫుట్‌బాల్ చుట్టే. బిగ్ టెన్, ఎస్ఈసీ లాంటి కాన్ఫరెన్సులు (కాలేజీల లీగులు) టీవీ హక్కులు అమ్మి సభ్య కాలేజీలకు పంచుతాయి. దానిమీద టికెట్లు, దాతల విరాళాలు. మిషిగన్ స్టేడియంలో సీట్లే 1,07,601. ఖర్చులూ అట్లనే ఉంటాయి: 2023 నవంబర్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం తమ ఫుట్‌బాల్ కోచ్‌ను తీసేసినప్పుడు, కాంట్రాక్ట్ ప్రకారం ఆయనకు కట్టాల్సింది 75 మిలియన్ డాలర్లు దాటింది. ఊరికే ఇంట్లో కూర్చోబెట్టడానికి!

మరి పైసా రాని ట్రాక్‌ను ఎందుకు ఉంచుతారంటే, ఫుట్‌బాల్ పై స్థాయిలో ఆడాలంటే కాలేజీ కనీసం 16 క్రీడలు నడపాలి. క్రాస్ కంట్రీ (మైదానాలు, గుట్టల మీద దూరపు పరుగు), ఇండోర్ ట్రాక్, అవుట్‌డోర్ ట్రాక్ మూడు క్రీడల కింద లెక్క. చాలావరకు అదే పిల్లలు, అదే కోచ్‌లు. కాలేజీ ఆటల విభాగం చూసే అథ్లెటిక్ డైరెక్టర్‌కు ఇంతకంటే చౌక బేరం ఏముంటది?

కంప్లయన్స్_కాకా:
రోస్టర్ స్పాట్ అంటే జట్టులో చోటు, అంతే. అందులో పైసల మాట లేదు.

ఇదివరకు అబ్బాయిల ట్రాక్, క్రాస్ కంట్రీ రెండింటికీ కలిపి 12.6 స్కాలర్‌షిప్‌లే. కోచ్ వాటినే ముక్కలు చేసి 30, 40 మందికి పంచేవాడు. సెటిల్‌మెంట్‌లో చేరిన కాలేజీల్లో ఇప్పుడు ఆ పరిమితి లేదు, బదులుగా ట్రాక్ జట్టుకు 45 మంది హద్దు. వినడానికి బాగుంది కానీ, కోచ్ బడ్జెట్ మాత్రం తనంతట తాను పెరగదు. చేరని కాలేజీల్లో పాత 12.6 అట్లనే ఉంది. కాబట్టి ముందు "మీ కాలేజీ చేరిందా?" అని అడుగండి.

తర్వాత కాగితం. పాత నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ను (ఈ కాలేజీలోనే చేరతానని ఆటగాడు సంతకం చేసే పత్రం) 2024 అక్టోబర్‌లోనే ఎత్తేశారు, ఇంకా దాని పేరు చెప్పే ఏజెంట్‌ను నమ్మొద్దు. కావాల్సింది స్కాలర్‌షిప్ ఒప్పందం: ఎన్ని డాలర్లు, ఎన్నేళ్లకు, ఏయే ఖర్చులకు. ఏడాదికే రాస్తే మరుసటేడు ఇస్తారన్న భరోసా ఉండదు.

లెక్క ఇట్ల చూడండి. ఏడాది ఖర్చు 50,000 డాలర్లు, స్కాలర్‌షిప్ 20,000 అనుకుంటే మిగతా 30,000కు బ్యాంకు కాగితాలు చూపితేనే ఐ-20 (వీసాకు కావాల్సిన కాలేజీ పత్రం) వస్తది. ఇంకొకటి ఎవరూ చెప్పరు: స్కాలర్‌షిప్‌లో హాస్టల్, భోజనం కింద ఇచ్చే భాగం మీద ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నోళ్లకు సాధారణంగా 14 శాతం పన్ను పట్టుకుంటారు. ఆ భాగం 10,000 అయితే 1,400 డాలర్లు.

హన్మకొండ_400:
మంచి విషయం చెప్పిన్రు కాకా. మరి బ్రాండ్ డీల్స్ సంగతి?

కంప్లయన్స్_కాకా:
2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. ఇప్పుడైతే 600 డాలర్లు, ఆపైన ఉన్న బయటి డీల్స్‌ను ఎన్ఐఎల్ గో (ఎన్ఐఎల్ అంటే పేరు, బొమ్మ, గుర్తింపు మీద సంపాదన) అనే వ్యవస్థలో నమోదు చేయాలి. ఇదంతా ఆటల రూలు. వీసా రూలు వేరే ఉంది కదా: ఎఫ్-1 మీద ఉండి అనుమతి లేకుండా పని చేస్తే హోదా పోతది. షూ కంపెనీకి అక్కడ రీల్ చేసినా పని కిందికే రావొచ్చు. కాలేజీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు రాతపూర్వకంగా సరే అనేదాకా సంతకం పెట్టొద్దు. ఇంటి బడ్జెట్‌లో ఈ ఆదాయం సున్నా అనే రాసుకోండి.

పీడీ_జనగామ:
చదువు సంగతి కూడా చూడండి. డివిజన్ 1 (కాలేజీ ఆటల పై స్థాయి)కు 16 కోర్ సబ్జెక్టులు, వాటిలో 2.3 జీపీఏ (నాలుగుకు సగటు గ్రేడ్). లెక్క తొమ్మిదో తరగతి నుంచి మొదలు, ఆ మార్కుల కాగితాలు ఇప్పుడే బడి నుంచి తీసుకోండి. చేరాక సెమిస్టర్‌కు 12 క్రెడిట్లు తప్పనిసరి, సీజన్‌లో ప్రాక్టీస్ వారానికి గరిష్ఠంగా 20 గంటలు.

పిలగానికి బేరం చేసే బలం ఎంతుందో తెలియాలంటే ఆ కాలేజీ ఆడే కాన్ఫరెన్స్ మీట్ ఫలితాలు నెట్‌లో తీయండి. ఫైనల్లో 8 మందికి 10, 8, 6, 5, 4, 3, 2, 1 పాయింట్లు. కోచ్ పైసలు పెట్టేది ఆ పాయింట్లకే. 400లో 8వ స్థానం టైమింగ్‌కు మనోడు దగ్గరుంటే గట్టిగా అడగొచ్చు, 4×400 రిలే కూడా ఉంది కాబట్టి 400 వాళ్లకు గిరాకీ ఎక్కువ. తేజస్విన్ శంకర్ కాన్సస్ స్టేట్‌కు 2018, 2022లో జాతీయ హైజంప్ టైటిళ్లు గెలిచిచ్చాడు, అట్లాంటోళ్లకు పూర్తి స్కాలర్‌షిప్ ఇయ్యడానికి ఏ కోచూ వెనకాడడు.

జిల్లా మీట్‌లో స్టాప్‌వాచ్‌తో తీసిన టైమింగ్ పంపితే మాత్రం అక్కడ లెక్కలోకి తీసుకోరు. 400కు చేతి టైమింగ్ మీద 0.14 సెకన్లు కలుపుతారు, అయినా అనుమానం పోదు. ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉన్న మీట్‌లో ఉరికించి, అధికారిక ఫలితాల లింకు, రేసు వీడియో రెండూ పంపండి.