లిటిల్‌కోట్ హౌస్ హోటల్‌లో దయ్యం కథ నిజమేనా? కడుపుతో ఉన్న మనిషిని తీసుకెళ్లొచ్చా?

రీడింగ్ కోడలు:
అందరికీ నమస్తే. మేం ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్లో ఉంటాం. మామయ్యగారి షష్టిపూర్తి ఊళ్లోనే అయిపోయింది, మేం వెళ్లలేకపోయాం, ఇప్పుడు అత్తయ్యా మామయ్యా ఇక్కడికే వచ్చారు కదా అని ఒక వీకెండ్ ఏదైనా పాతకాలం బంగళా హోటల్‌లో ఉంచుదామని చూస్తుంటే హంగర్‌ఫర్డ్ దగ్గర లిటిల్‌కోట్ హౌస్ కనపడింది. ఎం4 హైవే ఎక్కితే దగ్గరే, ఫోటోల్లో ఎర్ర ఇటుకల ఇల్లు బ్రహ్మాండంగా ఉంది. మా ఆడపడుచు కూడా వస్తానంది, తనకిప్పుడు అయిదో నెల. అంతా కుదిరింది అనుకునేలోపు మా ఆయన అత్తయ్య పక్కన కూర్చునే ఆ హోటల్ పేరు యూట్యూబ్‌లో కొట్టాడు. ఇంకేముంది, అప్పుడే పుట్టిన బిడ్డని మంటల్లో వేసిన ఇల్లట, ఆ తల్లి ఇప్పటికీ తిరుగుతోందట. "నేను రాను, పిల్లని అసలే పంపను" అని అత్తయ్య భీష్మించుకుని కూర్చున్నారు. ఎవరైనా వెళ్లారా? ఇందులో ఏది నిజం ఏది కథ? మామయ్య మాత్రం బ్యాగ్ సర్దేసుకున్నారు.

స్విండన్ సీనయ్య:
మేం వెళ్లాం అక్కా, పోయినేడు, రెండు రాత్రులు. ముందు ఒకటి చెప్తా, అది పెద్దవాళ్లకి మాత్రమే, పిల్లలతో రానివ్వరు, మీకెలాగూ పిల్లల గొడవ లేదు కాబట్టి ఓకే.

కథైతే అక్కడ అందరి నోటా ఇదే. 1575 ప్రాంతంలో ఒక రాత్రి పక్క ఊరి మంత్రసాని దగ్గరికి గుర్రాల మీద మనుషులొచ్చి బోలెడు డబ్బిస్తామని కళ్లకి గంతలు కట్టి తీసుకెళ్లారట. గది నిండా పెద్ద మంట, మంచం మీద ముఖం కప్పుకున్న ఆడమనిషి, పక్కనే ఒక దొర. బిడ్డ పుట్టగానే ఆ దొర మంటల్లో వేయించాడు. ఈవిడ తెలివైంది కదా, వచ్చేటప్పుడు మెట్లు లెక్కపెట్టుకుని, మంచం పరదా ముక్క ఒకటి కత్తిరించి దాచుకుని, ఆ రెండిటితోనే ఇల్లు పట్టించింది. దొర పేరు విలియం డారెల్. జడ్జికి ఇల్లు రాసిచ్చి బయటపడ్డాడట, కానీ 1589లో గుర్రం మీద పోతుంటే మంటల్లో బిడ్డ ఎదురుగా కనపడి గుర్రం బెదిరి పడి మెడ విరిగి పోయాడు. ఆ చోటుని ఇప్పటికీ డారెల్స్ స్టైల్ అంటారు (స్టైల్ అంటే కంచె దాటడానికి వేసే మెట్టు).

మా ఆవిడ మెట్లెక్కిన ప్రతిసారీ లెక్కపెట్టింది, ఒక్కసారీ లెక్క కుదర్లేదు. రాత్రి పన్నెండింటికి టక్ టక్ మని చప్పుడైతే ఇద్దరం దుప్పటి ముసుగేసుకుని హనుమాన్ చాలీసా అందుకున్నాం, తీరా చూస్తే రేడియేటర్. దయ్యం లేదు ఏం లేదు.

పాతకాగితాల పిచ్చోడు:
సీనయ్యగారూ కథ బాగా చెప్పారు గానీ అందులో సగం తర్వాత అతికించినదే. ఆ మంత్రసాని నిజంగా ఉంది, మదర్ బార్న్స్ అనేవారు, గ్రేట్ షెఫర్డ్ ఊరు. ఆవిడ ఇచ్చిన వాంగ్మూలం ఉంది. గుర్రాల మీద మనుషులు రావడం, నల్ల వెల్వెట్ గౌను తొడుక్కున్న పెద్దమనిషి, ముఖానికి ముసుగుతో బాలింత, మంట, అన్నీ అందులో ఉన్నాయి. ఆ బిడ్డని నాకిచ్చేయండి నేను పెంచుకుంటానని ఈవిడ మోకాళ్ల మీద పడి బతిమాలిన సంగతి కూడా ఉంది. కానీ పరదా ముక్క లేదు, మెట్ల లెక్క లేదు, ముఖ్యంగా డారెల్ పేరూ లేదు లిటిల్‌కోట్ పేరూ లేదు! ఇల్లు ఎవరిదో ఆవిడ చెప్పనే లేదు. పరదా గిరదా తర్వాత రెండు వందల ఏళ్లు జనం నోళ్లలో నాని నాని చేరినవి, వాల్టర్ స్కాట్ అనే కవి 1813లో తన కావ్యం చివరి వివరణల్లో అచ్చేశాక ఇక అదే ఖాయమైపోయింది.

మరి డారెల్ మీదకి ఎలా వచ్చింది అంటారా. లాంగ్లీట్ అనే ఇంకో పెద్ద బంగళా కాగితాల్లో ఒక ఉత్తరం దొరికింది, సర్ హెన్రీ నైవెట్ అనే ఆయన లాంగ్లీట్ కట్టించిన సర్ జాన్ థిన్‌కి అదే రోజుల్లో రాసినది. థిన్ కొలువులో బోనమ్ అని ఒకాయన ఉండేవాడు, వాళ్ల చెల్లెలు డారెల్ ఇంట్లో ఉండేది. ఆ అమ్మాయిని అక్కడ ఎలా చూస్తున్నారు, ఎంతమంది పిల్లలు పుట్టారు, వాళ్లేమయ్యారు అని ఆయన చేత కనుక్కోమని ఆ ఉత్తరం. నాకు దయ్యం కన్నా ఈ ఉత్తరమే వణుకు పుట్టించింది, "ఎంతమంది" అని అడిగారంటే చుట్టుపక్కల ఏం గుసగుసలు పోతున్నాయో చూడండి. డారెల్‌కి అప్పటికే చెడ్డపేరు, పొరుగు దొర భార్యతో సంబంధం, కోర్టు కేసులు, పీకల దాకా అప్పులు. అయినా ఈ బిడ్డ విషయంలో శిక్ష పడింది మాత్రం లేదు.

జడ్జి లంచం సంగతి అసలు పొసగదు. ఆ జడ్జి సర్ జాన్ పోఫమ్, తర్వాత రాజద్రోహం కేసుల్లో వాల్టర్ రాలీనీ గై ఫాక్స్‌నీ విచారించినాయన. ఆయన ప్రధాన న్యాయమూర్తి అయింది 1592లో, డారెల్ పోయింది 1589లో. డారెల్ బతికుండగా ఆయన ప్రభుత్వ లాయరే తప్ప జడ్జి కాదు. ఇల్లు ఆయనకి దక్కిన మాట నిజం, ఆ దక్కడమే జనానికి నచ్చలేదనుకుంటా. మీరు ఫోటోల్లో చూసిన ఆ ఎర్ర ఇటుకల ముఖభాగం, 110 అడుగుల లాంగ్ గ్యాలరీ కట్టించింది కూడా పోఫమే, అంటే డారెల్ దయ్యం అటు తిరిగితే తన ఇల్లు తనే గుర్తుపట్టదు. (జనం పోఫమ్‌నీ వదల్లేదు లెండి. సోమర్‌సెట్‌లో వెల్లింగ్టన్ దగ్గర ఒక గుంటలో పడ్డ ఆయన ఆత్మ ఏడాదికి ఒక కోడి అడుగు చొప్పున భార్య సమాధి దగ్గరికి నడుస్తోందని చెప్పుకుంటారు.)

పల్నాడు పిల్ల:
నేను నర్సుని, ఆడపడుచుగారికి డాక్టర్ ప్రయాణం వద్దనకపోతే ఎం4 మీద అంత దూరం ఏం కాదు, సీట్ బెల్ట్ అడ్డపట్టీ పొట్ట కిందుగా, భుజం పట్టీ రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కగా వచ్చేలా పెట్టుకోమనండి చాలు. 

ఇక కథంటారా, మా నాయనమ్మ మంత్రసాని. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని ఎవరో వచ్చి తలుపు కొడితే ఏ ఇల్లు అని కూడా అడగకుండా కొడవలీ దారం గుడ్డలో చుట్టుకుని వెళ్లేది. తెల్లారి వచ్చాక కొన్నిసార్లు బిడ్డ ఆడా మగా అని అడిగినా చెప్పేది కాదు, నేరుగా బావి దగ్గరికెళ్లి తలస్నానం చేసేది. ఊళ్లో అందరి ఇళ్ల సంగతులూ ఆవిడకి తెలుసు, ఒక్కటీ బయటికి రాలేదు. కాబట్టి ఆ బార్న్స్ గారు ఇంటి పేరు చెప్పలేదంటే తెలియక అని నేననుకోను. మెట్లూ పరదా కథలో పెట్టింది ఆమె చెప్పని పేరు ఎలాగైనా చెప్పించడానికే ఏమో.

స్విండన్ సీనయ్య:
అమ్మో, నేను రేడియేటర్ జోకు వేసి వెళ్లిపోయా, మీరిద్దరూ ఏడిపించేశారు. అక్కా ఇంకోటి, ఆ ఎస్టేట్‌లోనే రోమన్ల కాలం మొజాయిక్ నేల ఉంది, ఆర్ఫియస్ బొమ్మ, నేలలో మరుగున పడిపోయి 1970ల్లో మళ్లీ బయటపడింది. మామయ్యగారికి అది చూపించండి.

రీడింగ్ కోడలు:
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి భోజనాలయ్యాక ఇవన్నీ అత్తయ్యకి చదివి వినిపించా. దయ్యం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. అంతా విని "ఇంతకీ ఆ బాలింత ఏమైంది?" అన్నారు. పాతకాగితాలుగారూ, ఎక్కడైనా ఉందా?

పాతకాగితాల పిచ్చోడు:
మదర్ బార్న్స్ ఆవిడ ముఖమే చూడలేదండీ. ఆవిడే బోనమ్ చెల్లెలని కూడా రుజువు లేదు.

రీడింగ్ కోడలు:
చెప్పాను. కాసేపు ఊరుకుని, సరే వెళ్దాం అన్నారు, కానీ షరతులు: గది కొత్త బ్లాక్‌లోనే తీసుకోవాలి, ఆడపడుచు ఆ పాత మేడ మెట్లు ఎక్కకూడదు, పులిహోర ఇంటి నుంచే తీసుకెళ్లాలి. సీనయ్యా, లోపలికి బయటి తిండి రానిస్తారా?

స్విండన్ సీనయ్య:
మేం ఆవకాయ బాటిల్ బ్యాగులో పెట్టుకెళ్లాం, ఎవరూ అడగలేదు.