స్నోమొబైల్ అల్యూమినియం రేకు కోయడానికి ఏ పనిముట్టు తీసుకోవాలి?

హిమబాటసారి:
అందరికీ నమస్కారం. నేను అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటున్నాను. మంచు మీద నడిచే నా పాత స్నోమొబైల్‌లో కాళ్లు పెట్టుకునే రన్నింగ్ బోర్డుల మీద మంచు పేరుకుని గడ్డకట్టడం వల్ల బూటు నిలవడం లేదు. ఆ మంచు కిందికి రాలిపోయేలా బోర్డులకు పెద్ద రంధ్రాలు వేయాలనీ, బండిని నడిపే రబ్బరు పట్టా అయిన ట్రాక్‌కు కప్పులా ఉండే టన్నెల్ వెనుక చివరను సుమారు 10 సెంటీమీటర్లు తగ్గించాలనీ అనుకుంటున్నాను. రేకు మందం 2 మిల్లీమీటర్లకు కొంచెం పైన ఉంది. పాత ముక్క మీద ప్రయత్నిస్తే రేకు కత్తెరతో అంచు మెలితిరిగింది, గ్రైండర్ చక్రమేమో నిమిషంలోనే పూడుకుపోయి కోయడం మానేసింది. కొత్తగా ఒక్క పనిముట్టు మాత్రమే కొనగలను. దేనిని కొనమంటారు?

ఆటోనగర్ రేకులపని:
విజయవాడలో బస్సు బాడీలు కట్టే షెడ్డులో చాలా ఏళ్లు అల్యూమినియం రేకు కోసినవాడిగా చెబుతున్నాను, జిగ్‌సా (సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ కోసే కరెంటు రంపం) కొనండి. చేతి కత్తెర పలుచని రేకుకే పనికివస్తుంది, ఈ మందాన్ని అది కోయడం కంటే వంచడమే ఎక్కువ. బ్లేడు మాత్రం కలప కోసేది కాకుండా లోహానికి తయారైనది, అంగుళానికి 18 పళ్లకు అటూఇటూ ఉన్నది తీసుకోండి. పళ్లు మరీ పెద్దవైతే రేకును పట్టి గుంజుతాయి, మరీ సన్ననివైతే మెత్తని రజను వాటి మధ్య ముద్దకడుతుంది. అలా ముద్దకట్టకుండా మేము బ్లేడుకు కిరోసిన్ రాసేవాళ్లం. బ్లేడును ముందుకూ వెనక్కూ ఊపే మీట జిగ్‌సాకు ఉంటే దానిని సున్నా మీద పెట్టండి. గీత పక్కనే రేకును చెక్కపలకకు బిగించి కోస్తే అదరదు. అదురే అంచును పాడుచేస్తుంది.

ఆకురాయి:
పై సలహాతో ఏకీభవిస్తున్నాను, కిరోసిన్ విషయంలో తప్ప. పెట్రోలు ట్యాంకు ఉన్న బండి దగ్గర దానికి బదులు మైనపు కడ్డీ రుద్దడం మేలు.

గ్రైండర్ గురించి వివరంగా చెప్పాలి. ఇనుము కోసే మామూలు చక్రంతో అల్యూమినియం కోస్తే మెత్తబడిన లోహం చక్రం రంధ్రాల్లోకి చేరి అంటుకుంటుంది. అప్పుడు చక్రం కోయడానికి బదులు రుద్దుతూ వేడెక్కి, ఒక్కోసారి పగిలిపోతుంది కూడా. అల్యూమినియానికని ముద్రించిన చక్రాలు వేరే ఉన్నాయి, జిగ్‌సా చేరని మూలల్లో వాటిని వాడవచ్చు. అయితే తుప్పుపట్టిన ఇనుము పొడి, అల్యూమినియం పొడి కలిసిన చోట నిప్పురవ్వ పడితే థర్మైట్ చర్యతో భయంకరమైన మంట పుట్టగలదు కాబట్టి ముందుగా గ్రైండర్‌నూ బల్లనూ శుభ్రంగా తుడవండి.

కోసేముందు రేకు వెనుక ఏముందో చూడటం పనిముట్టు కంటే ముఖ్యం. చాలా బండ్లలో ఇంజన్ నీటిని చల్లబరిచే కూలర్ టన్నెల్ లోపలే, కొన్నింటిలో వెనుక చివరి దాకా ఉంటుంది. దానికి గాటు పడితే కూలెంట్ అంతా కారిపోతుంది. టెయిల్ లైటు తీగలు కూడా అటే వెళతాయి. బ్యాటరీ ఉంటే దాని తీగ విప్పండి. లోపలి మూల వచ్చే ప్రతి చోటా ముందు 6 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, కోత అందులో ముగిసేలా చూడండి, ఎందుకంటే పదునైన మూల నుంచే అదురుకు పగులు మొదలవుతుంది. బోర్డు రంధ్రాలకు మీ డ్రిల్లుకే హోల్ సా (గుండ్రని రంపం లాంటి బిట్టు) బిగించి తక్కువ వేగంతో తిప్పితే సరిపోతుంది. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య కనీసం ఒక రంధ్రం వెడల్పు రేకు మిగల్చండి, బోర్డు అంచు మడతను మాత్రం ముట్టుకోవద్దు, మీ బరువును మోసేది అదే.

హిమబాటసారి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు బండిని తలకిందులు చేసి చూస్తే కూలర్ వెనుక అంచుకు 6 సెంటీమీటర్ల దూరం దాకా వచ్చి ఉంది. కాబట్టి 10 కాదు, 4 సెంటీమీటర్లే తగ్గిస్తాను. జిగ్‌సా, హోల్ సా తీసుకుంటున్నాను. వెనుక వేలాడే రబ్బరు ఫ్లాప్‌ను తీసేయవచ్చా?

ఆకురాయి:
తీయకండి. ట్రాక్ ఎగజిమ్మే మంచును కూలర్ మీదికి మళ్లించేది అదే, వెనుక వచ్చే బండి వారికి రక్షణ కూడా. కోసిన కొత్త అంచును ఆకురాయితో నునుపు చేసి, ఫ్లాప్‌ను దానికి అల్యూమినియం రివెట్లతోనే మళ్లీ బిగించండి. ఇనుప రివెట్లు వాడితే తడి తగిలిన చోట వాటి చుట్టూ అల్యూమినియం తినేసుకుపోతుంది.